నీళ్లపందిరి మాన్యము

మా యింటి నడిమి గదిలో దూలమునకు ఒక కత్తి వ్రేలాడుచుండెడిది. పిడి నల్లబడి, ఒర చినిగి, చూచుటకు ఏమంత గొప్పగా నుండెడిది కాదు. ఏటేట విజయదశమినాడు మా నాయనగారు దానిని దించి, తుడిచి, కుంకుమ పెట్టి, పిల్లలనందఱను చుట్టును కూర్చుండబెట్టుకొని ఒకే మాట చెప్పెడివారు: "గండికోట పడిన రాత్రి మన మూలపురుషుడు ఈ కత్తి చేతబట్టి పెన్న యీదుకొని వచ్చినాడు. మనది కోటలో కొలువు చేసిన వంశము. మఱచిపోవద్దు."

నేను మఱచిపోలేదు. ఉపాధ్యాయుడనైన పిమ్మట ప్రతి సంవత్సరమును బడిపిల్లలను జమ్మలమడుగునకు అయిదు క్రోసుల దూరముననున్న గండికోటకు తోడుకొని పోయెడివాడను. ఎఱ్ఱని బండలను నిలువున చీల్చుకొని పెన్న పాఱునట్టి ఆ గండి యంచున వారిని నిలిపి, పెమ్మసాని నాయకుల కథ చెప్పెడివాడను. 1650లో గోలకొండ సేనాని మీర్ జుమ్లా కోటను పట్టుకొనుట, రెండేండ్ల తరువాత ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వచ్చి దానిని చూచుట, మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జుమ్మా మసీదు, పెద్ద ధాన్యపు కొట్టు, ఇవన్నియు చరిత్ర. తుదకు మా కత్తి కథ చేర్చెడివాడను. అదియు చరిత్రయే యగునా యని నేనెన్నడును విచారింపలేదు. పిల్లలు కన్నులు పెద్దవి చేసికొని వినుచుండిరి. నాకు అదియే చాలియుండెను.

ఆ పిల్లలలో ఒకడు పెద్దవాడై అమెరికాలో బోస్టను నగరమునకు సమీపమున ఉద్యోగము చేయుచున్నాడు. కొన్నియేండ్ల క్రిందట అతడు టెలిఫోనులో నన్ను పిలిచి, "అయ్యవారూ, మా అమ్మాయికి బడిలో వంశచరిత్ర వ్రాసికొని రమ్మన్నారు. మా యింటి సంగతులు నాకేమీ తెలియవు. అందుకని మాదిరికి మీ కత్తి కథ చెప్పినాను. అది నిజమని మీ అయ్యవారికి ఎట్లు తెలిసినదని వాళ్ల టీచరు అడిగినదట. ఏమని చెప్పమందురు?" అనెను.

నేను కొంత తడవు మాటాడలేకపోయితిని.

వారట్లడుగుటకు కారణము కలదు. అమెరికా దేశపు ఈశాన్య భాగమునకు న్యూ ఇంగ్లండు అని పేరు. ఇంగ్లండులోని క్రైస్తవ సంఘము ఆడంబరములను వీడి శుద్ధి పొందవలెనని పట్టుబట్టినవారిని ప్యూరిటనులనిరి. 1630లో జాన్ విన్‌త్రాప్ వెంట ఓడలలో వచ్చిన ప్యూరిటనులు బోస్టను నగరమును నెలకొల్పిరి. అంతకు పదియేండ్ల ముందే మేఫ్లవర్ అను ఓడలో 102 మంది ప్రయాణికులు ఆ తీరమునకు చేరియుండిరి. 1640 నాటికి వచ్చినవారు సుమారు ఇరువదివేలు. వీరు చదువరులు, లెక్క తప్పనివారు. 1639లోనే పుట్టుకలను, పెండ్లిండ్లను, చావులను ఊరి పుస్తకములలో వ్రాయవలెనని శాసనము చేసికొనిరి. మనిషి పోయినచో అతని యింటిలోని కుండలను, కంబళ్లను కూడ లెక్క వ్రాసిరి. ఆ వ్రాతలను బట్టి వంశములను వెదకుటకు బోస్టనులో 1845లోనే ఒక సంఘము వెలసినది. మా శిష్యుని పొరుగింటి ముదుసలి తన మూలపురుషుడు గొప్ప ప్రభువని చిన్ననాటినుండి విని, చాలకాలము వెదకి, తుదకు ఏమి కనుగొనెనో తెలియునా? ఆ ప్రభువు ప్రయాణపు ఖర్చు పెట్టుకొనలేక ఏండ్ల తరబడి పరులయింట ఊడిగము చేసి ఋణము తీర్చినవాడట. ఆ ముదుసలి ఆ కాగితపు నకలును పటము కట్టించి గోడకు తగిలించుకొనెనట.

ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మాకడ ఏ కాగితమున్నది?

శ్రాద్ధమునాడు మనము తండ్రిని, తాతను, ముత్తాతను పేరు పెట్టి పిలుచుచున్నాము. అంతకు మీదివారి పేర్లు సామాన్యముగా నోట నిలువవు. ఇంటిపేరు మాత్రము నిలుచును. ఇంటిపేరు ఊరిపేరైనచో అందొక చిక్కు కలదు. ఊరిలోనున్నవానిని ఎవ్వరును ఆ ఊరి పేరుతో పిలువరు; విడిచి వచ్చినవానినే పిలుతురు. ప్రొద్దుటూరులో నివసించి శివతాండవము రచించిన పుట్టపర్తి నారాయణాచార్యులవారి ఇంటిపేరు నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని ఊరిపేరు. మా యింటిపేరును ఒక పల్లె పేరే. ఆ పల్లె పెన్నకు ఉత్తరముగా, కోయిలకుంట్ల సీమలో నున్నది. మా యూరును పెన్నకు ఉత్తరపు గట్టుననే యున్నది. గండికోట దక్షిణపు గట్టున నున్నది. కోయిలకుంట్ల సీమనుండి వచ్చినవాడు పెన్న ఈదవలసిన పనియేమి? అరువదియేండ్లు ఆ కథను విన్నవాడను, చెప్పినవాడను, ఈ చిన్న ప్రశ్న నాకు తోచకపోవుట యెట్లో నేటికిని నాకు తెలియదు.

కత్తిని ప్రొద్దుటూరునకు తీసికొనిపోయి, సానబట్టు ముదుసలి కొకనికి చూపితిని. అతడు గోటితో అంచును మీటి చూచి, "ఇది జాతరలో పట్టేదయ్యా. దీనికి సాన ఎక్కదు" అని నవ్వుచు తిరిగి యిచ్చెను.

ఇక కడపకు పోయితిని. 1800లో నిజాము ఈ సీమను కుంపిణీవారికి ధారాదత్తము చేసిన పిమ్మట, కాలిన్ మెకంజీ అను స్కాట్లండు దొర తన తెలుగు సహాయకులచేత ఊరూరి వృత్తాంతములను సేకరింపజేసెను. ఆ సహాయకులలో కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి యను సోదరులు ముఖ్యులు. కరణములు తమ కవిలెలను చూచి వ్రాసి యిచ్చిన ఆ వృత్తాంతములకే కైఫీయతులని పేరు. వ్రాతప్రతులు చెడిపోవుచుండగా బ్రౌను దొర మరల నకళ్లు వ్రాయించెను. ఆ బ్రౌను పేరిట కడపలో నెలకొన్న భాషా పరిశోధన కేంద్రమువారు మన జిల్లా కైఫీయతులను సంపుటములుగా అచ్చువేసిరి. మా యూరి కైఫీయతు చిన్నది. గుళ్లు, చెఱువు, ఎల్లలు, మాన్యములు. గండికోట కొలువులోని వీరుడెవ్వడును అందు లేడు. మాన్యముల వరుసలో ఒకచోట మా యింటిపేరు కనబడెను. జమ్మలమడుగునుండి ప్రొద్దుటూరునకు పోవు బాటసారులకు నీళ్లపందిరి పెట్టి దాహము తీర్చుచున్నందుకుగాను, కోయిలకుంట్ల సీమనుండి పసిబిడ్డతో వచ్చిన ఒక వితంతువునకు రైతులు, కరణములు కలిసి మాన్యము విడిచిరని దాని భావము. ఆమె పేరు వ్రాయలేదు. పూజారి పేరు వ్రాసిరి, వెట్టివాని పేరు వ్రాసిరి. ఆమె ఇంటిపేరు మాత్రము చాలుననుకొనిరి కాబోలు.

నల్లరేగడి సీమలో బావినీరు పెక్కుచోట్ల ఉప్పన. ఎండకాలమున పెన్న యిసుకలో చెలమలు తీసి, ఊరిన నీటిని ముంతతో ముంచి కడవ నింపుకొనవలెను. బాట మీదికి మోసికొని రావలెను. ఉగాదినుండి వానలు పడువఱకు దినమునకు ఎన్ని కడవలు మోసెనో ఆ తల్లి! కత్తి పట్టి నది యీదుట ఒక్కరాత్రి పని.

కైఫీయతు చూచిన పిదప ఇనాము రిజిస్టరు కొఱకు వెదకితిని. కుంపిణీవారు, వారికి ముందటి ప్రభువులు విడిచిన మాన్యములను విచారించుటకు 1858లో ఇనాము కమీషను ఏర్పడినది. ఊరూర మాన్యము ఎంత, ఎందుకు విడిచిరి, ఇప్పుడెవ్వరు అనుభవించుచున్నారు అని వివరముగా వ్రాసిన రిజిస్టర్లు అప్పటివి. కచ్చేరికి నాలుగుమార్లు తిరిగి మా యూరి పుట నకలు తెచ్చుకొంటిని. అందు నీళ్లపందిరి మాన్యమును అనుభవించుచున్నవారు ఇద్దఱు అన్నదమ్ములని యుండెను. అన్న మా నాయనగారికి తాతయొక్క తండ్రి. ఆ పేరు నాకు తెలియును. తమ్ముని పేరు చూచి నా చేయి వణకెను.

ఆ పేరు పులివెందుల దగ్గఱి యొక పల్లెలోనున్న మా యింటిపేరువారి కుటుంబమున పెద్దకొడుకులకు తరతరములుగా పెట్టుచున్నదే.

వారిని గుఱించి మీకు చెప్పవలెను. వారు తాము మా దాయాదులమనుచుండిరి. 1876లో ధాత కరువు వచ్చినపుడు వారి పెద్ద ఊరు విడిచి, కరువు పనులలో గంపలు మోసి, పులివెందుల ప్రాంతమున నిలిచిపోయెనట. మా నాయనగారు ఆ సంబంధము నొప్పుకొనలేదు. "గంప లెత్తినవారు మనవా రెట్లగుదురు? మనది కత్తి పట్టిన వంశము" అనెడివారు. నా చిన్నతనమున ఒకనాడు వారి యింటినుండి కార్డు వచ్చినది. ఎవరో పోయిరి. చావు కబురు తెచ్చిన జాబును ఇంటిలోనికి తేరాదు గనుక మా నాయనగారు వీధిలోనే చదివి చింపివేసిరి. చింపిన పిమ్మట స్నానము చేయవలెను. వారు కాళ్లు కడుగుకొని భోజనమునకు కూర్చుండిరి. మా జేజి ఏదో చెప్పబోయి ఆగిపోయినది. ఆ దినము జేజి అన్నము తినలేదని మాత్రము నాకు జ్ఞాపకము.

కాగితము మీద రెండు కొమ్మలను గీచి తరములను లెక్కించితిని. ఏడు తరముల లోపలి జ్ఞాతికి పదిదినముల మైల. అది దాటినచో మూడు దినములు. నన్ను చేర్చుకొని లెక్కించినచో ఆ అన్నదమ్ముల తండ్రి ఆఱవతరమువాడు. కడవలు మోసిన తల్లి ఏడవతరము. ఆ కార్డు వచ్చిన దినమున మా యింట పట్టవలసినది పదిదినముల మైల.

ముద్దనూరు మీదుగా బస్సులో పులివెందులకు పోయితిని. వైశాఖమాసపు ఎండ. వారి పల్లెలో దిగి ఇల్లెక్కడని అడుగకయే తెలిసికొంటిని. వాకిట వేపచెట్టు క్రింద ఇసుకదిబ్బపై నాలుగు కొత్త కుండలు, వాటిపై తడిగుడ్డ, ప్రక్కను ముంత. నాపరాతి అరుగుమీద ఎనుబదియేండ్లు దాటిన వృద్ధుడొకడు కూర్చుండియుండెను. వరుసకు నాకు చిన్నాయన. నేను పేరు చెప్పకముందే నీళ్లు ముంచి యిచ్చెను. త్రాగిన తరువాత పేరు చెప్పితిని.

ఆయన కొంతసేపు నా ముఖమువంక చూచి, "పెద్దింటివాళ్లా" అనెను.

సంచిలోని కాగితములను తీసి చూపబోయితిని. ఆయన వాటిని చూడలేదు. "కాగితాలెందుకు నాయనా, ఇది నీళ్ల జేజి పందిరి. మా నాయన పెట్టినాడు, వాళ్ల నాయన పెట్టినాడు. కరువులో వచ్చిన ఏడు మాత్రం పెట్టలేదంట, నీళ్లే లేక" అనెను. కొంత తడవునకు, "ఆ మాన్యం ఉందా ఇంకా?" అని యడిగెను.

నేను చెప్పవలసివచ్చెను. మా జేజినాయన కాలమునకే పందిరి ఆగిపోయినది. బస్సులు వచ్చిన తరువాత నడచిపోవువారు తగ్గిరి. 1956లో వచ్చిన ఇనాముల రద్దు చట్టము తరువాత ఆ నాలుగెకరముల రేగడి మా నాయనగారి పేర పట్టా అయినది. నేను పండిత శిక్షణకు పోవునపుడు దానిని అమ్మిరి. ఇన్నియు చెప్పి తల వంచుకొని కూర్చుంటిని.

"చదువుకే కదా" అనెను ఆయన. మఱల ముంత అందుకొనుచు, "మీ నాయన పోయినప్పుడు మాకు జాబు రాలేదు. ఆర్నెల్లకు తెలిసింది. తెలిసిన్నాడు అందరం తలకు పోసుకున్నాము" అనెను.

ఆ దినము వారియింటనే సంగటి తింటిని. తిరిగి వచ్చి బోస్టనులోని ఆ పిల్లకు రెండు పుటల ఉత్తరము వ్రాసితిని. ఆమె దానిని బడిలో చదివెనట. కత్తి మా దూలముననే యున్నది. మనుమలు దానిని పారవేయనీయరు. విజయదశమినాడు కుంకుమ పెట్టి, జాతర కత్తియనియే చెప్పుచున్నాము.

రెండేండ్లకు, మాఘమాసములో, తెల్లవారుజామున పులివెందులనుండి టెలిఫోను వచ్చినది. చిన్నాయన పోయెను. నేను పెరటిలోనికి పోయి చన్నీళ్లు తలకు పోసికొంటిని. కొడుకును, కోడలిని, మనుమలను లేపి స్నానములు చేయించి, మొదటి బస్సునకు బయలుదేరితిమి. ఆ పదిదినములును మా యింట మైల పట్టితిమి.