హంతకుడు మొదటి అరగంటలోనే కనిపించాలి

నల్ల గ్లౌజులు తొడిగిన చెయ్యి తెరమీద కనిపించి, ఆ వెంటనే కరెంటు పోయిందంటే హాల్లో మాటలు ఆగిపోతాయి. తోటమాలి కిటికీలోంచి అదోలా చూస్తాడు. హత్య చేసింది వాడు కాడని తిరువూరు నేల టికెట్టు కుర్రాడికి కూడా తెలుసు. అయినా గుండె దడ ఆగదు.

వీటిని అరిగిపోయిన సరుకంటూ తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఇవి కథ చెప్పేవాడికీ చూసేవాడికీ మధ్య కుదిరిన ఒప్పందం. హంతకుడు మొదటి అరగంటలోనే మన ఎదుట తిరగాలి. ఆధారం చూపించాలి, చూపిస్తూనే మన దృష్టి మళ్లించాలి. అంతవరకూ ఊసైనా లేని మనిషిని ఆఖర్న పట్టుకొచ్చి, వాడి చిన్ననాటి కష్టాలు ఏకరువు పెట్టి శుభం కార్డు వెయ్యడం పచ్చి మోసం. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలలు అద్దెకు తెచ్చుకుని చదివిన తరం దాన్ని క్షమించదు. బల్లకింద బాంబుందని ప్రేక్షకుడికి ముందే తెలియాలన్నాడు హిచ్‌కాక్. బాంబు పేలితే ఉలికిపాటు క్షణమే. పేలుతుందని తెలిసి ఎదురుచూడటంలోనే ఉంది ఉత్కంఠంతా.

వంశీ 'అన్వేషణ' (1985) నాకు ఇప్పటికీ కొలమానం. పక్షుల కూతల్లో సంగీతం వెతుక్కుంటూ ఒకమ్మాయి అడవికొస్తుంది. అక్కడి చావులన్నీ పులి పనేనని జనం నమ్ముతుంటారు. ఆ అడవి లేకపోతే ఆ కథే లేదు. ఇళయరాజా నేపథ్య సంగీతం ఆకుల చప్పుడును కూడా అనుమానించేలా చేస్తుంది. 'క్షణం' (2016)లో తప్పిపోయిన పాప అసలు పుట్టిందా అన్నదే ప్రశ్న. 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' (2019) నెల్లూరు కథ, రైలు పట్టాల పక్కన దొరికే శవాల కథ. ఊరు మారితే పాత సూత్రానికే కొత్త ప్రాణం వస్తుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మరి మా తిరువూరేం తక్కువ? విజయవాడ–జగదల్‌పూర్ రహదారి మీద రాత్రంతా లారీలు. చుట్టూ మామిడి తోటలు. 2014 జూన్ 2 నుంచి, కాస్త దూరంలోనే ఇంకో రాష్ట్రం. పొలిమేర తోటలో శవం దొరికితే కేసు ఏ రాష్ట్రం పోలీసులది? హంతకుడు పారిపోవడానికి ఆ సందిగ్ధం చాలు.

కథలు రాసే కుర్రాళ్లూ, హైదరాబాద్ అపార్ట్‌మెంట్ లిఫ్టుల్లోంచి బయటికి రండి. మామిడికాయల రోజుల్లో ఓ రాత్రి తిరువూరు బస్టాండులో దిగండి.