అమ్మేటప్పుడు ఎంతొస్తుంది?

2025 మొదట్లో మా టీమ్‌లో పదకొండు మందిమి. దసరా నాటికి ఆరుగురం. వెళ్లిపోయినవాళ్లకి ఫేర్‌వెల్ కేక్ కూడా లేదు. ఒక మీటింగ్ ఇన్వైట్, పదిహేను నిమిషాలు, అంతే. సరిగ్గా ఆ నెలలోనే నాకు పెద్ద బైక్ కొనాలనిపించింది. నవ్వుకోండి, పర్లేదు. మా అమ్మ కూడా నవ్వింది. తర్వాత తిట్టింది.

నేను మాత్రం చాలా తెలివిగా కొంటున్నానని అనుకున్నా. ఆరు నెలల ఖర్చులు పక్కన పెట్టాక చేతిలో రెండున్నర లక్షలు మిగిలాయి. లోన్ వద్దు. సెకండ్ హ్యాండ్ కొనాలి. ఉద్యోగం పోతే వెంటనే అమ్ముకోగలగాలి. అంటే బండి బాగుందా అనేది రెండో ప్రశ్న, అమ్మేటప్పుడు ఎంతొస్తుంది అనేది మొదటి ప్రశ్న. అమెరికాలో ఉన్న మా కజిన్ ఇదే లెక్క స్పీడ్ బోట్‌కి వేసుకుంటున్నాడట. సికింద్రాబాద్‌లో మనకి సముద్రమెక్కడిది? హుస్సేన్ సాగర్‌లో టికెట్ కొని ఎక్కాల్సిందే. మన స్పీడంతా రోడ్డు మీదే.

చివరికి రెండు బండ్లు మిగిలాయి. రెండూ 2021వే. బోయిన్‌పల్లిలో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650, అడిగింది 2.30 లక్షలు. తిరుమలగిరిలో కేటీఎం 390 డ్యూక్, 1.75 లక్షలు. ఒకటి 648 సీసీ, రెండు సిలిండర్లు, 47 హార్స్ పవర్. ఇంకోటి 373 సీసీ, ఒకటే సిలిండర్, పవర్ మాత్రం 43 దాకా. బరువు చూస్తే అది రెండు వందల కిలోలు దాటిపోతుంది, ఇది 170 దగ్గర ఆగుతుంది. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద డ్యూక్ యాక్సిలరేటర్ కొంచెం తిప్పానో లేదో, తోక తొక్కిన తాచులా లేచింది. నిజం చెప్పాలంటే మనసు అక్కడే పడిపోయింది.

ఇంటికొచ్చి ఎక్సెల్ షీట్ తెరిచా. ఇన్సూరెన్స్ వాళ్ల లెక్క సింపుల్: బండి నాలుగేళ్లు దాటిందంటే విలువ సగం. ఆ టేబుల్‌కి డ్యూకైనా ఇంటర్‌సెప్టరైనా ఒకటే. మార్కెట్‌కి కాదు. ఇంటర్‌సెప్టర్ 2018 నవంబర్‌లో రెండున్నర లక్షల ఎక్స్ షోరూమ్ ధరతో వచ్చింది. ఇప్పటికీ దాని రూపం పెద్దగా మారలేదు, పాతది పక్కన పెడితే కొత్తదానిలాగే ఉంటుంది. డ్యూక్‌కి 2023లో 399 సీసీ ఇంజిన్‌తో కొత్త మోడల్ వచ్చింది. ఆ రోజు నుంచి 373 సీసీ బండ్లన్నీ ‘పాత మోడల్’ అయిపోయాయి. దీనికి తోడు 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాటిన బైక్‌ల మీద పన్ను 31 నుంచి 40 శాతానికి పెరిగింది. కొత్త 650ల ధర పెరగడంతో పాతవి అమ్మేవాళ్లూ గట్టిగా కూర్చున్నారు.

రెండేళ్లు వాడి అమ్మితే ఇంటర్‌సెప్టర్ మీద 35 వేలు, డ్యూక్ మీద 50 వేలు పోతాయని నా అంచనా. రెండు చోట్లా సర్వీస్, టైర్లు, చైన్ ఖర్చు అదనం. తేడా నెలకి ఆరు వందల పైచిలుకు. ఇంత షీటు వేస్తే తేలింది బిర్యానీ పార్సిళ్ల ఖర్చు!

కార్ఖానాలో మాకు తెలిసిన మెకానిక్ అన్నకి షీట్ చూపించా. ఆయన ఫోన్ వైపు చూడనైనా లేదు. “తమ్మీ, మనం పోయేసరికి ఇంజిన్ వేడిగుంటే అనుమానపడాలె. పొద్దుగాల చల్లగున్నప్పుడే స్టార్ట్ చెయ్యమను. డ్యూక్‌కి రేడియేటర్, ఫోర్క్ సీల్స్ చూడు, పడ్డదో లేదో తెలుస్తది. ఇంటర్‌సెప్టర్‌వి ట్యూబ్ టైర్లు, పంక్చరైతే రోడ్డు మీదనే కూసుంటవ్, అది కూడ రాసుకో” అన్నాడు. రాసుకున్నా.

ఆ రాత్రి నాన్న నా వెనక నిలబడి షీట్ చదివారు. రైల్వేలో చేసి రిటైరయ్యారు, అంకెలంటే ఓపిక ఎక్కువ. ఆయనకి 1994 నుంచి యమహా ఆర్‌ఎక్స్ 100 ఉండేది. 98 సీసీ, టూ స్ట్రోక్, వీధి మలుపు దగ్గరే సౌండ్ గుర్తుపట్టేవాళ్లం. 2014లో నేను ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు దాన్ని పదహారు వేలకి అమ్మేశారు. 1996లోనే ఆ బండి తయారీ ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు మంచి కండిషన్‌లో ఉన్నవాటికి లక్ష కూడా అడుగుతున్నారు. “కొన్నాళ్లు ఆగాల్సింది నాన్నా” అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆ రాత్రి కూడా అన్నాను.

“నాకు లక్ష అవసరం పడలేదు కదరా” అన్నారాయన. “పదహారు వేలు తక్కువైంది. ఎల్లుండి లోపల కట్టాలి. సాయంత్రం అమ్మకానికి పెట్టాను, పొద్దున్నే వచ్చి తీసుకుపోయారు. ఇంకేం కావాలి?”

ఏం మాట్లాడాలో తోచలేదు. పదేళ్లుగా నేను దాన్ని ఆయన చేసిన తప్పు బేరంగా చూస్తూ వచ్చాను. ఆ డిగ్రీతో తెచ్చుకున్న ఉద్యోగంలో కూర్చుని, ఆ జీతంతో కొన్న ల్యాప్‌టాప్‌లో ఆయన బేరం తప్పని చెబుతున్నాను.

కాసేపయ్యాక షీట్‌లో ఒక కాలమ్ పెంచా: ‘ఎన్ని రోజుల్లో అమ్ముడవుతుంది?’ పొద్దున్నే ఇద్దరు ఓనర్లకీ ఫోన్ చేసి, యాడ్ ఎప్పుడు పెట్టారని అడిగా. డ్యూక్ పెట్టి రెండు నెలలైంది, మూడుసార్లు రేటు తగ్గించాడట. ఇంటర్‌సెప్టర్ పెట్టి తొమ్మిది రోజులు, అప్పటికే ఇద్దరు చూసిపోయారట. నాకు కావాల్సిన జవాబు అదే. మీరు కూడా ఏదైనా సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ధర కంటే ముందు ఈ ప్రశ్న అడగండి. రేపు అమ్మేది మీరే కదా.

2.22 లక్షలకి తెగింది. ఆర్‌సీలో ఇంకా బ్యాంకు పేరుంది. లోన్ ఎప్పుడో తీరిపోయింది, కానీ ఓనర్ దాన్ని తీయించుకోలేదు. బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 పెట్టి అది తీయించే వరకు అడ్వాన్స్ తప్ప మిగతా డబ్బు ఇవ్వలేదు. తర్వాత ఫారం 29, 30, చలానాల చెకింగ్, తిరుమలగిరి ఆర్‌టీఏ ఆఫీసు. హెల్మెట్లు రెండు కొన్నా, ఒకటి నాన్న సైజు.

మొదటి ఆదివారం ఆయన్ని ఎక్కించుకుని ట్యాంక్ బండ్ దాకా వెళ్లొచ్చాను. దిగాక సీటు తట్టి, “సౌండ్ లేదేంట్రా దీనికి” అన్నారు. ఆర్‌ఎక్స్ 100 నడిపిన మనిషి, ఏం చెప్తాం?

ఇప్పుడు మా టీమ్‌లో నలుగురం. నేనింకా ఉన్నాను, ఎన్నాళ్లో తెలియదు. బండికి మార్కెట్లో ఎంత పలుకుతోందో ప్రతి నెలా ఒకటో తారీఖున షీట్‌లో నింపేవాణ్ని. మొన్న తెరిచి చూస్తే రెండు నెలల గళ్లు ఖాళీగా ఉన్నాయి. నింపకుండానే మూసేశాను.