మొదటి ఫిడేలు

విజయనగరంలో ఫిడేలు మాటెత్తి ద్వారం వెంకటస్వామినాయుడుగారిని తలచకుండా ఎవరూ ఊరుకోరు. ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులుగా 1919లో వెలసిన సంగీత కళాశాలలో నాయుడుగారు ఫిడేలు ఆచార్యులు. 1936లో తామే అధ్యక్షులయ్యారు. గాయకుడి పక్కన ఒదిగి నడిచే వాద్యాన్ని వేదిక నడుమ కూర్చోబెట్టి కచేరీ చేయించిన ఘనతలో పెద్దపాలు ఆయనదే.

మావాళ్లు కథ ఇక్కడితో ముగిస్తారు. నా పేచీ ఇక్కడే మొదలు. నీడలోంచి వెలుగులోకి రావాలంటే ఒంటరిగానే రావాలా?

పాశ్చాత్య వాద్యబృందంలో మొదటి ఫిడేలు సంగతి చూడండి. కండక్టరుకు, అంటే చేతికర్రతో మేళాన్ని నడిపే ఆయనకు, ఎడమవైపు మొదటి కుర్చీ అతనిది. శ్రుతి చేసుకోమని సైగ చేసేది అతనే. ఎక్కడ కమాను కిందికి లాగాలో, ఎక్కడ పైకి తోయాలో గుర్తులు పెట్టేదీ అతనే. అందుకే పదిహేనుమంది చేతులు ఒక్క చెయ్యిలా కదులుతాయి. కర్రాయన ఒక్క స్వరమూ పలికించడు. ఇతను పలికిస్తూ నడిపిస్తాడు, అపస్వరం పడితే అందరితోపాటు అతనిదీ వినిపిస్తుంది. అజమాయిషీ వేరు, నాయకత్వం వేరు అని నేను పిల్లలకు చెప్పవలసివచ్చినప్పుడు ఈ కుర్చీనే చూపిస్తాను.

మాస్కోలో ఆ కర్రనే తీసేసి చూశారు. కుసెవిత్‌స్కీ బృందంలో మొదటి ఫిడేలుగా పనిచేసిన లెవ్ త్సేత్లిన్ 1922లో కండక్టరు లేని పెర్సింఫాన్స్ బృందాన్ని నిలబెట్టాడు. ఒకరికొకరు కనిపించేలా గుండ్రంగా కూర్చునేవారు. కొందరి వీపులు శ్రోతలవైపు ఉండేవి! సాధనకు చాలా పొద్దు పట్టేది. తన భాగమొక్కటే తెలిస్తే చాలదు గదా, కృతి అంతా ప్రతివాడికీ తెలియాలి. 1932లో అది ఆగిపోయింది. మన మిత్రులు మొదటి సంవత్సరం చెప్పి రెండోది మింగేస్తారు. న్యూయార్క్‌లో 1972లో పుట్టిన ఆర్ఫియస్ బృందానికీ కండక్టరు లేడు. అక్కడ మొదటి కుర్చీ కృతి కృతికీ చేతులు మారుతుంది. పెట్టుబడి పట్నంలో జరిగిందని ఆ మంచిని దాచడమెందుకు?

ఇదంతా చెబితే ఫిడేలు నేర్చుకుంటున్న అమ్మాయి ఒకర్తె అడిగింది: "అందరం ఒకేలా కమాను లాగితే మరి గమకం ఎవరిదండీ?"

గట్టి ప్రశ్న. వాళ్ల వరస కాగితం చూసి వాయిస్తుంది. మన గమకం కాగితానికి లొంగదు, గురువు దగ్గర చెవితో పట్టుకోవలసిందే. పదిమంది కలిసి తోడి పలికించాలంటే ఎవరి గాంధారం పలకాలో ముందు తేల్చుకోవాలి. ఆ తగువు తీరడానికి ఎన్ని సాయంత్రాలు పడుతుందో! ఆ అమ్మాయి మాత్రం మరో ముగ్గుర్ని వెంటబెట్టుకు వస్తానంది.