కొండ అంచున వెర్రిబాగులవాడు

జోస్యాలంటే నాకు నమ్మకం లేదు. చిలక జోస్యం నుంచి వారఫలాల దాకా నవ్వుతూ చదివి అవతల పారేసే రకం. అలాంటి నన్ను ఓ కార్డుముక్క మూడు రాత్రులు నిద్రపోనివ్వలేదంటే మీరు నవ్వుతారేమో! నవ్వండి, ఫర్వాలేదు. కానీ ఇందులో ఓ నాటకం, రెండు సినిమాలు, మా నాన్న కూడా ఉన్నారు. కాస్త వినండి.

ఆ మధ్య ఓ ఆదివారం స్నేహితుడి ఇంటికి వెళ్ళాను. వాడి చెల్లెలు కొత్తగా టారో కార్డులు నేర్చుకుంది. మొత్తం 78 ముక్కలు. "మనసులో ఓ ప్రశ్న అనుకుని ఒకటి తియ్యన్నయ్యా" అంది. తీశాను. 'ఫూల్' వచ్చింది! ఇల్లంతా గొల్లుమంది.

ఆ బొమ్మలో ఓ కుర్రాడు కొండ అంచున నిలబడి ఉంటాడు. భుజాన కర్రకు కట్టిన మూట, చేతిలో తెల్ల గులాబీ, చూపేమో ఆకాశంలో. ఇంకో అడుగు వేస్తే లోయలోకే! కాళ్ళ దగ్గర ఓ తెల్లకుక్క ఎగురుతూ ఉంటుంది. ముక్క నంబరు సున్నా. "కొత్త ప్రయాణం మొదలు. భయపడకుండా దూకెయ్ అని అర్థం" అందా అమ్మాయి.

నేను దూకి అప్పటికే ఎనిమిది నెలలైంది. పత్రికాఫీసులో నెలజీతం వదిలేసి, వ్యాసానికింత అని రాసుకు బతుకుతున్నాను. నేను మనసులో అడిగింది వేరు. "ఈ సంగతి నాన్నకి ఎప్పుడు చెప్పాలి?" అని.

నాన్నకి నీటికాసులు. చూపు చాలావరకు పోయింది. రోజూ పదింటికి భుజాన సంచీ తగిలించుకుని "ఆఫీసుకెళ్ళొస్తా నాన్నా" అని లైబ్రరీకి వెళ్ళేవాణ్ణి. సాయంత్రం లేని ఆఫీసులో జరగని కబుర్లు కథలుగా చెప్పేవాణ్ణి. ఒకటో తారీఖున "జీతం పడిందిరా?" అంటే "పడింది నాన్నా" అనేవాణ్ణి.

ఇంటికొచ్చాక ఆ బొమ్మలు గీసిందెవరా అని చూశాను. పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి. 1909లో ఎ.ఇ. వెయిట్ కోసం గీసింది. అంతకుముందు ఆమె హెన్రీ ఇర్వింగ్, ఎలెన్ టెర్రీల లైసియం నాటక బృందంతో తిరిగిన మనిషట! అందుకే కాబోలు, ఆ ముక్క నాకు ఓ స్టేజీ సీనులా కనిపించింది. ఏ సీనో కూడా గుర్తొచ్చింది. బి.ఏ.లో చదువుకున్నదే. షేక్స్‌పియర్ 'కింగ్ లియర్', నాలుగో అంకం, ఆరో రంగం.

లియర్ కథ మనకి కొత్తేం కాదు. 1949లో కె.వి. రెడ్డిగారు తీసిన 'గుణసుందరి కథ'లో తండ్రీ ముగ్గురు కూతుళ్ళ ముచ్చట అక్కడి నుంచి వచ్చిందే. కాకపోతే మన సినిమాలో లేని ఓ గుడ్డి తండ్రి ఆ నాటకంలో ఉన్నాడు. పేరు గ్లోస్టర్. చిన్నకొడుకు మాటలు నమ్మి మంచివాడైన పెద్దకొడుకు ఎడ్గార్‌ని దూరం చేసుకుంటాడు. తర్వాత శత్రువులు ఆయన కళ్ళు పెరికేస్తారు. డోవర్ కొండ మీంచి దూకి చచ్చిపోతాను, అక్కడిదాకా తీసుకెళ్ళమని ఓ పిచ్చి బిచ్చగాణ్ణి బతిమాలుతాడు. ఆ బిచ్చగాడు మారువేషంలో ఉన్న ఎడ్గారే!

ఎడ్గార్ తండ్రిని చదును నేల మీదికి నడిపించి "ఎక్కేశాం, అంచుకొచ్చేశాం" అంటాడు. కింద లోయ ఎంత లోతో కళ్ళకు కట్టేలా వర్ణిస్తాడు. ముసలాయన దూకుతాడు. నేల మీదే బోర్లా పడతాడు. అప్పుడు ఎడ్గార్ గొంతు మార్చి, కొండ కింద ఉన్నవాడిలా "అంత ఎత్తునుంచి పడ్డా బతికావు, దేవుళ్ళు కాపాడారు" అని నమ్మిస్తాడు. ముసలాయన ఇక ఎంత కష్టమైనా బతకడానికే నిశ్చయించుకుంటాడు. క్లాసులో మా లెక్చరర్ గారు కళ్ళు మూసుకుని అడుగెత్తు అరుగు మీంచి దూకి చూపిస్తే మేమంతా పగలబడి నవ్వాం!

ఇప్పుడు నవ్వు రాలేదు. అప్పటిదాకా ఆ ముక్కలో కుర్రాణ్ణి నేనే అనుకున్నాను. కాదు! అంచున ఉన్నది నాన్న. నేను ఆ కుక్కని. పడిపోకుండా కాస్తున్నానని నన్ను నేను మెచ్చుకుంటున్న కుక్కని.

కురొసావా 1985లో 'రాన్' పేరుతో ఈ కథే తీశాడు. అందులో ఆఖరి సీను చూశారా? శిథిలమైన కోట గోడ అంచున ఓ గుడ్డి యువకుడు, చేతిలో కర్ర. తోడు ఎవరూ లేరు. ఆ ముక్కలో కుక్క లేదు. అది తలుచుకుని, అబద్ధమైనా తోడున్నాను కదా అని సరిపెట్టుకోబోయాను.

కానీ నాటకం ఆరో రంగంతో అయిపోలేదు. ఐదో అంకంలో ఎడ్గార్ ఓ మాట ఒప్పుకుంటాడు. తానెవరో తండ్రికి చివరిదాకా చెప్పకపోవడం తప్పేనని. చెప్పేసరికి ఆలస్యమైపోయింది. సంతోషం, దుఃఖం రెండూ ఒక్కసారి మీదపడి ఆ ముసలి గుండె ఆగిపోయింది. కాపాడిన అబద్ధాన్ని కూడా ఓ హద్దు దాటి మోయకూడదన్నమాట.

నాలుగో రోజు పొద్దున సంచీ కింద పెట్టి, నాన్న పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. సినిమాల్లోలా కౌగిలించుకోలేదు. "ఎనిమిది నెలలా?" అన్నారంతే. రెండు రోజులు మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ నాకు డోవర్ కొండే.

మూడో రోజు సంచీ తగిలించుకుంటుంటే ఆ చప్పుడు విని అడిగారు.

"ఎక్కడికిరా?"

"లైబ్రరీకి నాన్నా."

"వచ్చేటప్పుడు నా చుక్కలమందు పట్రా. డబ్బులున్నాయా?"

ఎనిమిది నెలల్లో మొదటిసారి నిజం చెప్పాను. "లేవు నాన్నా."

తడుముకుంటూ దిండు కింద చెయ్యి పెట్టి, పెన్షన్ డబ్బుల్లోంచి రెండు నోట్లు తీసిచ్చారు. "చూసుకుని నడువు" అన్నారు.