సింగపూర్ ఉక్కపోతలో మంగళగిరి కుర్తీ

మే నెలలో మా పెదకూరపాడు ఎండ చూసినదాన్ని, సింగపూర్ ఎండ నాకో లెక్కా అనుకున్నాను. ఫోన్‌లో చూస్తే 31 డిగ్రీలు. రోహిణి కార్తెకి మా పల్నాట్లో రోళ్లే పగులుతాయి. అందుకే నవంబరులో సూట్‌కేస్ సర్దేటప్పుడు నచ్చినవన్నీ పెట్టేశాను. టైట్ జీన్స్ రెండు, ఒంటికి అతుక్కునే గ్రే టాప్, పాలిస్టర్ కో-ఆర్డ్ సెట్, తెల్ల స్నీకర్స్. ముగ్గురమ్మాయిలం, ఐదు రోజులు, బోలెడు రీల్స్. అదీ ప్లాన్.

అమ్మ మాత్రం రెండు మంగళగిరి కాటన్ కుర్తీలు, ఓ చున్నీ మడతపెట్టి తెచ్చింది.

"ఏందమ్మా, ఇవేసుకుని సింగపూర్లో తిరగాలా?"

"పెట్టుకోవే, బరువేం కావులే."

అడుగున తోసేశాను.

కాటన్ మీద నాకున్న చిరాకుకి కారణం ఉంది. మా ఇంట్లో పత్తి అంటే బట్ట కాదు, పని. బడి సెలవుల్లో పత్తి తీసేదాన్ని. ఎండిన కాయ మొనలు గీరుకుని వేళ్లు మండేవి. రేటు పడిపోయిన ఏడాది నాన్న ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేవాడు కాదు. హైదరాబాద్‌లో మొదటి జీతం రాగానే నేను కొన్నది మెరిసే పాలిస్టర్ డ్రెస్. ఇస్త్రీ అక్కర్లేదు, ముడతలు పడదు, వేసుకుంటే ఏ ఊరి పిల్లో ఎవరికీ తెలియదు. ఆ మూడో కారణానికే కొన్నానని ఇప్పుడైతే ఒప్పుకుంటా.

మొదటిరోజు ఉదయం పదింటికి లిటిల్ ఇండియాలో మెట్రో దిగి బయటికొచ్చాం. పావుగంటలో టాప్ రంగు మారిపోయింది. చెమట మరకల్ని గ్రే రంగు చూపించినట్టు ఇంకేదీ చూపించదు, రాసిపెట్టుకోండి. మా ఊళ్లో చెమట పట్టినా గాలికి ఆరిపోతుంది, ఆరేటప్పుడు ఒళ్లు కాస్త చల్లబడుతుంది. భూమధ్యరేఖకి సుమారు 137 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊళ్లో గాలే తడిగా ఉంటుంది. ఇక చెమట ఆరేదెక్కడ? పట్టింది పట్టినట్టే ఉంటుంది. సెరంగూన్ రోడ్డు మీద శ్రీనివాస పెరుమాళ్ గుడి దాకా నడిచేసరికి జీన్స్ మోకాళ్ల దగ్గర వంగనంది. మధ్యాహ్నం వాన. సాయంత్రానికి తొడలు ఒరుసుకుపోయి అడుగు తీసి అడుగు వేయలేకపోయాను. ఫ్రెండ్స్ గార్డెన్స్ బై ద బేలో సూపర్ ట్రీల లైట్ షో చూడ్డానికి వెళ్తే, నేను రూమ్‌లో పౌడర్ రాసుకుంటూ కూర్చున్నా. అంత ఖర్చుపెట్టి వెళ్లి, మొదటి రాత్రే.

జీన్స్ కూడా పత్తే కదా అంటారేమో. పత్తే. కానీ మందం, పైగా బిగుతు. ఉతికి ఆరేస్తే మర్నాటికీ తడే.

దాంతో రెండోరోజు సూట్‌కేస్ అడుక్కి చెయ్యి పెట్టాల్సివచ్చింది. నీలం కుర్తీ. గుంటమగ్గం మీద నేసింది, బుటాలేవీ లేవు, అంచుకి సన్నటి నిజాం బోర్డరు, అంతే. కో-ఆర్డ్ సెట్‌లో వదులు ప్యాంటు మీద వేసి, చేతులు మోచేతి దాకా మడిచి, వెండి జుంకాలు పెట్టాను. స్నీకర్స్ తడిసి ముద్దయ్యాయి కాబట్టి చెప్పులు. అద్దంలో చూసుకుంటే, నిజం చెప్పొద్దూ, నిన్నటికన్నా బాగున్నా! చెమట పట్టలేదని కాదు. పట్టింది, బట్ట పీల్చుకుంది, లోపలికి కాస్త గాలి ఆడింది. ముడతలు మాత్రం పడ్డాయి. ఫొటోల్లో అవేం కనిపించలేదు.

అసలు పనికొచ్చింది చున్నీ. ఈ ఊళ్లో బయట ఆవిరి, లోపల ఫ్రిజ్. సింగపూర్ ఎదగడానికి ఏసీయే పెద్ద కారణమని అక్కడి తొలి ప్రధాని లీ క్వాన్ యూ అనేవారట. మెట్రో ఎక్కితే ఆ మాట ఎముకలకి తెలుస్తుంది. తడిసిన ఒంటికి ఆ చల్లగాలి తగిలితే వణుకు ఖాయం, చున్నీ కప్పుకుంటే బతికిపోతాం. సుల్తాన్ మసీదు దగ్గర షార్ట్స్‌లో వచ్చినవాళ్లు అక్కడిచ్చే పొడుగు అంగీలు తొడుక్కుంటుంటే నేను నేరుగా వెళ్లిపోయాను.

మసీదు పక్కనే అరబ్ స్ట్రీట్, అంతా బట్టల కొట్లు. బాతిక్ సరోంగులు కుప్పలుగా ఉన్నాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ అమ్మాయిలు వేసుకునే సరోంగ్ కెబాయాని పియెర్ బాల్మైన్ అనే ఫ్రెంచి డిజైనర్ 1968లో రూపొందించాడు. డిజైనర్ పారిస్ వాడైనా, తీసుకున్నది మాత్రం ఇక్కడి ఆడవాళ్లు ఎప్పట్నుంచో కట్టుకుంటున్నదే.

టెక్కా సెంటర్ పై అంతస్తులో అన్నీ మన బట్టల కొట్లే. ఓ తమిళ అక్క నా కుర్తీ అంచు రెండు వేళ్లతో నలిపి చూసి, "ఎక్కడ కొన్నావ్?" అంది. మంగళగిరి అన్నాను. ఎన్ని పంపగలవని అడిగింది. నవ్వేశాను గానీ, ఆ మాట రోజంతా బుర్రలో తిరుగుతూనే ఉంది.

షాపింగ్ సంగతి త్వరగా చెప్పేస్తా. బుగిస్ స్ట్రీట్‌లో చవగ్గా దొరుకుతాయి కానీ లోపలి లేబుల్ చదవండి, నేను తిప్పిచూసినవాటిలో చాలావరకు పాలిస్టరే. ముస్తఫాలో ఏం కావాలన్నా ఉంటుంది, దారి తప్పకుండా ఉంటే. ట్యాక్స్ రీఫండ్ ఉన్న షాపులో 100 సింగపూర్ డాలర్లు దాటి కొంటే, 9 శాతం జీఎస్టీలో చాలావరకు ఎయిర్‌పోర్టులో వెనక్కి వస్తుంది. పాస్‌పోర్టు దగ్గరుంచుకోండి.

నన్ను ఆపేసింది హాజీ లేన్. రంగుల గోడలు, ఫొటోల కోసం క్యూ. అక్కడ అమ్మాయిలు చాలామంది గౌను మీద మగవాళ్ల సైజు కాటన్ చొక్కా వేసి, గుండీలు వదిలేసి తిరుగుతున్నారు. ఎండ తగలదు, గాలాడుతుంది, చూడ్డానికి భలే ఉంది. ఎక్కడో చూశానే అనుకున్నా.

మా చేలో చూశాను. మిరపకాయల కోతకి వెళ్లేటప్పుడు అమ్మ చీర మీద నాన్న పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా వేసుకుంటుంది. మా ఊళ్లో కూలికెళ్లే ఆడవాళ్లందరూ అంతే. ఇంటర్‌లో ఓసారి అమ్మ ఆ చొక్కాతోనే స్టేషన్‌కి నన్ను ఎక్కించడానికి వస్తే, పక్కనున్న ఫ్రెండ్స్‌కి మా అమ్మ అని చెప్పకుండా రైలెక్కేశాను.

ఓ కొట్లో లేతాకుపచ్చ కాటన్ చొక్కా కొన్నాను. మూడు సైజులు పెద్దది.

సంక్రాంతికి ఇంటికెళ్లి ఇచ్చాను. చీర మీదే వేసుకుని, చేతులు ముందుకి చాచి చూసుకుంది.

"ఎంతే ఇది?"

సగం ధర చెప్పాను. అయినా తిట్టింది. తర్వాత గుండీలు పెట్టుకుంటూ, "చేతులు పొడుగున్నాయిలే, కోతకి బాగుంటది" అంది.