ఆటశాలకు రెండు వాకిళ్లు

ఆటశాల యను మాట చెవిని బడగానే మన యిండ్లలో పెద్దలు మొగము చిట్లింతురు. భారతము విన్న జాతికి ఆటయన్న జూదమును, జూదమన్న ద్రౌపదీదేవి కన్నీరును స్ఫురింపక మానవు. కాని సంస్కృత సభాపర్వము చదువునపుడెల్ల మేమొక సంగతికడ నాగుచుందుము. ధృతరాష్ట్రుడు ద్యూతమునకై కట్టింపనెంచిన సభకు వేయి కంబములును నూఱు వాకిళ్లును ఉండవలెనని యాజ్ఞాపించెనట. అచట జరిగిన పని పాపిష్ఠిది. కట్టడము మాత్రము విశాలమైనది. నేటి ఆటశాలలు పెక్కింటి తీరు దీనికి విపర్యయము. ఆట నిర్దోషమైనదే, వాకిలి మాత్రము ఒక్కటి.

ఈ విచారము మాకు ఊరకయే కలుగలేదు. మర్రిగూడలో మా మామగారు కట్టించిన మడిగె యొకటి వీథిమొగమున నున్నది. దాని పొడవు 24 అడుగులు, వెడల్పు 16. మూడు ప్రక్కల గోడలు, ఎదుట ఇనుప షట్టరు. వెనుక గోడ కావల మా పెరడు. మా బావగారి కుమారుడు పట్నమున చదువు ముగించుకొని వచ్చి, అందులో కంప్యూటరు ఆటల కేంద్రము పెట్టెదనని యడిగెను. పెట్టుబడికై మా అక్కగారు, అనగా మా తోడికోడలు, తన గొలుసు తాకట్టు పెట్టుటకు సిద్ధపడియుండెను. మావారు బడిపంతులు, తమ శిష్యులే తమ మడిగెలో చదువు మాని కూర్చుందురేమోయని వారి దిగులు. ఇట్లొకరి బంగారము, ఒకరి గౌరవము, ఒక యువకుని బ్రతుకుతెరువు ఆ నాలుగు గోడల నడుమ చిక్కుకొన్నవి. మడిగె మనది గనుక మాట చెప్పవలసిన బాధ్యతయు మనదేయని మేము నక్షా తెమ్మంటిమి.

అతడు తెచ్చిన నక్షాలో మూడు వరుసలలో 14 బల్లలు, వానిలో నాలుగింటికి తెరలు కట్టిన చిన్న గదులు, రాకపోకలకు షట్టరొక్కటే ఉన్నవి. మేమతనికి రాజ్‌కోట సంగతి గుర్తుచేసితిమి. 2024వ సంవత్సరము మే 25వ తేదీన గుజరాతులోని ఆ నగరమున టీఆర్పీ గేమ్ జోన్ అను ఆటశాలలో వెల్డింగు నిప్పురవ్వలు పడి మంటలంటుకొనగా, పిల్లలతో సహా 27 మంది దగ్ధమైరి. అగ్నిమాపకశాఖ అనుమతి దానికి లేదు; వెలుపలికి పోవు దారి యొక్కటే. వేసవి సెలవులలో ఆడుకొనుటకు పోయిన బిడ్డలు వారు. ఆ తల్లుల మాట తలపునకు వచ్చినపుడెల్ల ఆ షట్టరు మాకు బోను తలుపువలె తోచెను.

"వెనుక గోడ పగులగొట్టి రెండవ వాకిలి పెట్టుము" అంటిమి. అతడు నివ్వెఱపోయెను. వెనుక నున్నది మా పెరడు. మా అత్తగారు వినగానే, పరాయి పిల్లలు ఇంటి పెరటిలోనికి వచ్చుట యేమని కోపించిరి. వారి కోపము అన్యాయము కాదు. ఆడువారు స్నానపానాదులు చేసికొను తావు అది. మఱుగు పోయిన పెరడు తిరిగి రాదు. కావున తలుపు పెరటివైపునకే తెఱచుకొనునట్లును, గడియ మడిగెలోపలనే యుండునట్లును, ఆపద వేళ తప్ప దానిని తీయరాదని, ఆటలు సాగునంతసేపు తాళము మాత్రము వేయరాదని నియమము చేసితిమి. ఆ గోడ ప్రక్కనున్న కట్టెల మోపులు తీయించి దారి ఖాళీ చేయించితిమి. నడుమ తడికెయొకటి కట్టించితిమి. ఈపాటి యిబ్బంది పడుటకు అత్తగారు తుదకు సమ్మతించిరి. "మన పిల్లలును అందే ఆడుదురు గదా" యని వారే యనిరి.

తరువాత బల్లల లెక్క వచ్చెను. పొడవాటి రెండు గోడల వెంబడి చెఱియైదు బల్లలు వేయవచ్చును. ఒక్కొక్క బల్ల నిడివి 4 అడుగులు, లోతు రెండున్నర, కుర్చీకి మూడడుగులు. ఇరువైపుల కలిపి 11 అడుగులు పోగా నడుమ 5 అడుగుల నడవ మిగులును. నిడివిలో 20 అడుగులు బల్లలకు పోగా మిగిలిన నాలుగడుగులలో వీథివాకిటి ప్రక్క డబ్బులబల్ల అమరును. నడవ ఒక వాకిటినుండి రెండవ వాకిటికి సూటిగా సాగును.

"చిన్నమ్మా, ఇంత జాగ ఇడిసిపెడితే కిరాయి ఎట్ల ఎల్తది?" అని యతడడిగెను.

మేము కాగితముమీద లెక్క వేసి చూపితిమి. గంటకు 40 రూపాయలని యతని యంచనా. పనిదినములలో పది స్థానములే నిండుట కష్టమని యతడే యొప్పుకొన్నాడు. అదనపు నాలుగును ఆదివారములే నిండును. ఆదివారమునకు ఆఱు గంటల చొప్పున 24 గంటలు, 960 రూపాయలు. నెలకు నాలుగు ఆదివారములు, 3,840 రూపాయలు. ఒక్కొక్క యంత్రము 60 వేలు చొప్పున నాలుగింటికి 2,40,000 రూపాయలు. అసలు తిరిగి వచ్చుటకే అయిదేండ్లు దాటును. అప్పటికి యంత్రములు పాతబడిపోవును. అనగా ఆ నాలుగు బల్లలకై తల్లి గొలుసు తాకట్టు పెట్టుట వ్యర్థము. ఆ మాట విని మా అక్కగారు ఊపిరి పీల్చుకొనిరి. గొలుసు ఇంటనే నిలిచెను.

వేడిమి సంగతి మఱియొకటి. ఆటలాడు యంత్రము సుమారు 500 వాట్ల విద్యుత్తు త్రాగును. అదంతయు తుదకు వేడియై గదిలోనే చేరును. పది యంత్రములకు 5,000 వాట్లు. మనిషి కొక నూఱు చొప్పున పదిమందికి 1,000. ఒక టన్ను శీతలయంత్రము తొలగింపగలది 3,500 వాట్లు మాత్రమే. మండువేసవిలో కాగిన స్లాబు వేడిని కలిపి చూచినచో ఒకటిన్నర టన్నువి రెండు కావలెను. తీగలు కాళ్లక్రింద ప్రాకక గోడవెంట గొట్టములలో పోవలెను. ఇంటి మీటరునుండి కాక వ్యాపారపు కనెక్షను వేఱుగా తీసికొనవలెను. ఇన్వర్టరు బ్యాటరీలను వాకిళ్ల దారిలో ఉంచరాదు. తలుపునకు అద్దము పెట్టినచో దానిపై రంగు పట్టీ యుండవలెను; మయసభలో స్ఫటికద్వారము తెలియక నొసలు కొట్టుకొన్న దుర్యోధనుని అవమానము మన పిల్లల కెందులకు?

మా ప్రాంతమునకు ప్రత్యేకమైన సంగతి యొకటి చెప్పవలెను. మిషన్ భగీరథ కృష్ణాజలము రాకమునుపు మా మండలమువారు ఫ్లోరైడు నీటినే త్రాగి పెరిగిరి. కాళ్లు వంగి, వెన్ను బిగిసినవారు నేటికిని మా నడుమ నున్నారు. మెట్టు వారికి గోడవంటిది. మడిగె గచ్చు వీథికంటె ఒక అడుగు ఎత్తు. అడుగు ఎత్తునకు 12 అడుగుల వాలు ఉండిన గాని చక్రముల కుర్చీ సులువుగా ఎక్కదు. అందుచే మెట్టు ప్రక్కనే గోడవెంబడి 12 అడుగుల వాలుబాట కట్టించితిమి. వాకిటికి దగ్గఱి బల్లయొకటి ఎత్తు మార్చుకొనునట్లు చేయించితిమి. పరుగెత్తలేని పిల్లవానికి పరుగుపందెము గెలుచు సుఖము తెరమీదనైనను దొరకవలదా?

తెరలు కట్టిన గదులను మేము ఒప్పుకొనలేదు. పిల్లలు గోడవైపు తిరిగి కూర్చుందురు గనుక వారి ముఖములు వీథికి కానరావు. వారి యంత్రముల తెరలు మాత్రము నడవలో నడచువారి కెల్ల కనబడును. ఆడపిల్లలు ధైర్యముగా వచ్చుటకును, తల్లిదండ్రులు నిశ్చింతగా పంపుటకును ఇంతకంటె మంచి యేర్పాటు మాకు తోచలేదు.

కౌటిల్యుడు ద్యూతము ఒక్క చోటనే, అధ్యక్షుని కన్నుల ఎదుటనే జరుగవలెనని విధించి, గెలుపులో నూటికి అయిదును, పాచికలకు అద్దెను, నీటికిని స్థలమునకును రుసుమును చెప్పెను. మన ఆటశాల తీసికొనదగినది స్థలపు రుసుము మాత్రమే. పందెపు ఆటలను మన రాష్ట్రము 2017లో చట్టమును సవరించి బిగించినది. ధనమొడ్డు ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టముచే నిషేధించినది. ఆ చట్టమే ఇ-స్పోర్ట్సును క్రీడగా గుర్తించినది. 2023లో హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో వానికి పతకములు నిచ్చిరి. కొరియాలో పీసీ బాంగ్‌లను ఇట్టి గదులు 1990ల చివరనుండి వీథివీథిన వెలసినవి. ‘బాంగ్’ అనగా గదియే. గది మంచిదైన ఆటయు మంచిదగును. ఇక బడివేళలలో విద్యార్థులను రానీయరాదను నియమమును మావారే స్వహస్తముతో వ్రాసి గోడకు తగిలించిరి. వారి దిగులు అంతతో కొంత తీఱినది.

సోదరీమణులారా! మీ బిడ్డలు ఏ యూర నే ఆటశాలకు పోదుమన్నను వలదని గద్దింపకుడు. ఒక్కమాఱు మీరును వెంట పొండు. రెండవ వాకిలి ఎచట నున్నదో అడుగుడు. అది తెఱచుకొనునో లేదో చేతితో త్రోసి చూడుడు. దారిలో పెట్టెలు పేర్చియున్నచో తీయింపుడు. యజమాని విసుగుకొన్నను సంకోచింపకుడు. ఇల్లు సవరించుకొనుట యెఱిగిన మనకు ఆటశాల సవరింపు తెలియకపోదు.