మొదటి బిందె

మా తాత పెద్దోళ్ళ కపిల బావులకి తోలు తొండాలు కుట్టేవాడు. ఆయన చేత్తో నానబెట్టి కుట్టిన తోలే బావిలోకి దిగి నీళ్ళు తెచ్చేది. తోలుకి లేని మైల మా చేతులకుండేది. జలదంకి పక్కన మా మాదిగపల్లె ఆడోళ్ళు ఆ బావికి అంత దూరాన కడవలు పెట్టుకోని నిలబడేవాళ్ళు. ఎవురికన్నా దయ పుడితే పైనించి పోసేవాళ్ళు. మాయమ్మకి కడవ నిండేసరికి పొద్దు నడినెత్తికొచ్చేది.

తోలుపని ఒద్దని మా నాయన మద్రాసు పొయినాడు. ఆడ గుంతలు తవ్వి, మంచినీళ్ళ ఇనపగొట్టాలు పరిచే కూలి. అతుకుల్లో జనపనార కూరి, సీసం కరగబెట్టి పొయ్యాల. ఆ పొగంతా ఆయన రొమ్ములోకే. ఇంటికొస్తే కడుపు పట్టుకోని మెలికలు తిరిగేవాడు. చేతులు వణికేవి. సారాయి తాగినందుకే అన్నారు. సీసమే చేసిందని నేనూ రుజువు చెయ్యలేను. ఆయన నెత్తురు ఎవురూ పరీక్ష చెయ్యలేదు.

2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలొచ్చి పడిపొయినారు. ఎయిమ్స్ పరీక్షల్లో వాళ్ళ రక్తంలో సీసం, నికెల్ కనపడినాయి. అది నీళ్ళవల్లేనని తేలలేదు. కానీ ఆ వార్త చదివిన రాత్రి నాకు నాయన చేతులు గుర్తొచ్చినాయి. మా ఇంటి కొళాయి గుర్తొచ్చింది.

సీసానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కాచినా పోదు. పసిబిడ్డల మెదడుని తింటది. లీటరు నీళ్ళలో 0.01 మిల్లీగ్రాము దాటకూడదని మన దేశపు ప్రమాణం. పీవీసీ గొట్టాల్లోనూ సీసం కలిపేవాళ్ళు. దాన్ని కట్టడి చేసే నిబంధనలు 2021లోగానీ రాలేదు. మాది అంతకు ముందు గొట్టం.

సెలవు పెట్టి వచ్చి, గొట్టం తవ్వి తీసి కొత్తది ఏసినాను. ట్యాపూ మార్చినాను. "అమ్మా, బజారు గొట్టం పాతదే. రాత్రంతా అందులో నిలవున్న నీళ్ళు తాగొద్దు. పొద్దున మొదటి బిందె వదిలెయ్" అన్నాను.

మాయమ్మకి కోపమొచ్చింది. "నీళ్ళు పారబొయ్యమంటావా రా? చెంబుడు నీళ్ళకి ఎంతమందిని బతిమలాడినానో నీకేం తెల్సు?"

నా చదువుకి జవాబు లేకపొయింది. నీళ్ళు వదలమని చెప్పే పుస్తకాలకి, నీళ్ళకోసం చేతులు చాపిన మనిషి తెలీదు.

తెల్లారి చూస్తే మొదటి బిందె నీళ్ళతో వాకిట్లో కల్లాపి చల్లతా ఉంది. రెండో బిందె లోపల పెట్టింది.

"నీ మాటా పోలేదు, నీళ్ళూ పోలేదు" అనింది. ఆనేక బజారు గొట్టం వైపు చూసి, "దాన్నెవురు తవ్వుతారు?" అనడిగింది.

ఆ నీళ్ళు పరీక్ష చెయ్యాలనీ, గొట్టం మార్చాలనీ అర్జీ రాసినాను. మొదటి వేలిముద్ర మాయమ్మది.